ఇంట కూర్చొని చేసిన యాత్రలు

"కాశీకి పోయినవాడు, కాటికి పోయినవాడు ఒక్కటే" అని మన పెద్దలు అనేవారు. ఈ సామెతలో భక్తి కన్న భయమే ఎక్కువ. రైలు లేని రోజుల్లో, రోడ్డు అనదగినది లేని రోజుల్లో, గంగ ఒడ్డుకు బయలుదేరిన మనిషి మళ్లీ తన గుమ్మం తొక్కుతాడన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు. అందుచేత వెళ్లగలిగినవారు ఊరికి ఒకరో ఇద్దరో. వెళ్లాలని కోరుకొన్నవారు మాత్రం ఊరందరూ. మరి వెళ్లలేకపోయిన ఆ ఊరందరి కోరిక ఏమయింది? అది కావ్యాల్లోకి, కథల్లోకి, ఉత్తరాల్లోకి, చివరకు అచ్చు పుస్తకాల్లోకి ప్రవహించింది. ఆ ప్రవాహం కథను ఈ ప్రత్యేక సంచిక పాఠకులకు సంగ్రహంగా మనవి చేయాలని నా ప్రయత్నం.

ఈ కథ హారిస్ పార్క్‌లో చెప్పుకోవడానికి కారణం ఉంది. విగ్రామ్ వీధిలో దోసె వాసన, పోపు వాసన పీల్చుకుంటూ నడిచే మన తెలుగువారిలో ప్రతి ఒక్కరూ సముద్రాలు దాటి వచ్చినవారే. వీరాస్వామయ్య కాశీకి పోయిన దూరానికి ఎన్నో రెట్లు దూరం ప్రయాణం చేసినవారే. అయినా డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ ఎండలు మండి పిల్లలకు బడి సెలవులు ఇచ్చేసరికి మనం మళ్లీ పాతకాలపు మనుషులమే అవుతాము. టిక్కెట్ల ధర చూసి, సెలవు రోజులు లెక్కపెట్టి, ఇంటి అప్పు తలచుకొని, "ఈసారి కాదులే" అనుకొని, కాశ్మీరాన్నీ కేదారాన్నీ పుస్తకాల్లోనే చూసుకొంటాము. ఇది తెలుగువాడికి కొత్త అలవాటు కాదు. దీనికి అయిదారు వందల ఏండ్ల చరిత్ర ఉంది.

ప్రవరుని పాదలేపనం

ఇంట్లో కూర్చొని లోకం చూడాలని తపించినవారిలో మన సాహిత్యంలో అగ్రతాంబూలం ప్రవరునిదే. శ్రీకృష్ణదేవరాయల ఆస్థానంలో అల్లసాని పెద్దన వ్రాసిన మనుచరిత్ర చదివినవారికి ఇతడు సుపరిచితుడు. వరణానది ఒడ్డున అరుణాస్పదపురం ఇతని ఊరు. ముసలి తల్లిదండ్రులు, భార్య, నిత్యాగ్నిహోత్రం. ఊరు కదలడానికి వీలులేని సంసారం. కాని తీర్థయాత్రలంటే ప్రాణం. అందుకని ఎవరైనా యాత్రికుడు ఊరికి వచ్చాడంటే ఎదురేగి తీసుకొనివచ్చి, అతిథిసత్కారం చేసి, భోజనమైన తరువాత పక్కన కూర్చొని, మీరు చూసిన దేశాలేవి, కొండలేవి, తీర్థాలేవి అని గుచ్చిగుచ్చి అడిగేవాడు. ఇప్పటివారు పుస్తకం తెరిచి చేసే పని అతడు అతిథిని ప్రశ్నించి చేశాడన్నమాట.

తరువాతి కథ తెలిసినదే. ఒక సిద్ధుడు వచ్చి పాదాలకు పసరు పూశాడు. ప్రవరుడు క్షణంలో హిమాలయం చేరాడు. కన్నులపండువగా చూశాడు. తిరిగి వెళదామనుకొనేసరికి మంచుకు ఆ పసరు కాస్తా కరిగిపోయింది. ఇంటికి దారి లేదు! వరూధినిని తిరస్కరించి, అగ్నిదేవుని ప్రార్థించి, ఆయన దయవల్ల ఇల్లు చేరాడు గాని, ఆ కాసేపట్లో అతడు పడిన ఆవేదన ప్రవాసంలో ఉన్నవారికి బాగా అర్థమవుతుంది. ఈ పసరు సంగతి మరచిపోకండి. మళ్లీ దాని దగ్గరకు వస్తాము.

పెద్దన కన్న ముందే, పదిహేనవ శతాబ్దంలో, శ్రీనాథుడు కాశీఖండాన్ని తెనిగించి రాజమహేంద్రవరం రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితం చేశాడు. కాశీకి పోలేని వేలాదిమందికి కాశీలోని గుళ్లూ, ఘట్టాలూ చెవిదారిన చేరాయి. పురాణకాలక్షేపంలో అరుగు మీద కూర్చొని విన్న ముసలమ్మకు గంగ ఎక్కడ వంపు తిరుగుతుందో తెలుసు. తన జిల్లా సరిహద్దు మాత్రం తెలియదు!

స్నేహితుని కోరికతో పుట్టిన పుస్తకం

అయితే కావ్యంలోని కాశీ వేరు, కాళ్లు కాలే దారి వేరు. ఆ దారిని తెలుగువారికి తొలిసారి ఉన్నదున్నట్టు చూపించినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. అంటే ఇంగ్లీషు న్యాయమూర్తులకూ మన ప్రజలకూ నడుమ మాటను మార్చి చెప్పే దుబాసీ ఉద్యోగం. 1830 మే 18న, రోహిణికార్తె ఎండలు ఇంకా ముందున్న రోజుల్లో, సుమారు వందమంది పరివారంతో మద్రాసు నుంచి బయలుదేరారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ, గయ చూసుకొని, కలకత్తా చేరి, పూరీ జగన్నాథం, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు దారిలో తిరిగివచ్చి 1831 సెప్టెంబరు 3న మద్రాసు చేరుకొన్నారు. ఇంచుమించు పదిహేనున్నర నెలలు.

కాశీయాత్ర చేసినవారు ఆయనకు ముందూ ఉన్నారు, తరువాతా ఉన్నారు. వారెవరూ మనకు గుర్తు లేరు. వీరాస్వామయ్యగారు గుర్తుండటానికి కారణం మద్రాసులో ఉండిపోయిన ఒక స్నేహితుడు. ఆయన కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారు. "దారిలో చూసినదంతా నాకు వ్రాస్తూ ఉండండి" అని ఆయన కోరారు. వీరాస్వామయ్యగారు మజిలీ మజిలీకీ వ్రాసి పంపారు. ఏ ఊరికి ఎన్ని ఆమడలు, నీటి వసతి ఎలా ఉంది, అంగళ్లు ఉన్నాయా లేవా, ఏమి దొరుకుతుంది, ఏ ఏరు దాటాలి, కొండదారి ఎక్కడ కష్టం, ఏ దొర పాలన, ఏ నవాబు పాలన, జనం ఏ భాష మాట్లాడుతారు, గుళ్లో ఏ పద్ధతి నడుస్తుంది, ఇవన్నీ. పండితులు మెచ్చే గ్రాంథికంలో కాదు. ఆనాటి మద్రాసు పట్నంలో చదువుకొన్నవారు నోటితో మాట్లాడుకొనే తెలుగులో.

వీరాస్వామయ్యగారు 1836లో కాలధర్మం చెందారు. శ్రీనివాసపిళ్లెగారు ఆ వ్రాతలను పోగొట్టలేదు, పెట్టెలో పెట్టి మరచిపోలేదు. 1838లో "కాశీయాత్రచరిత్ర" అనే పేరుతో అచ్చువేయించారు. 1869లో రెండో ముద్రణ వచ్చింది. తరువాత చాలాకాలం దొరకని స్థితి ఏర్పడగా, 1941లో బెజవాడలోని చరిత్రకారులు దిగవల్లి వేంకటశివరావుగారు వివరణలతో మూడో ముద్రణ తెచ్చారు. 1973లో హైదరాబాదులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం ఆంగ్లానువాదాన్ని వెలువరించింది. కంపెనీ పాలన తొలిరోజుల్లో దక్షిణాదినుంచి ఉత్తరాదికి దారి ఎట్లా ఉండేదో తెలుసుకోవాలన్న చరిత్ర విద్యార్థికి నేటికీ అది అక్షయపాత్ర.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఈ పుస్తకానికి కర్త ఒక్కడు కాదు, ఇద్దరు. ఒకరు నడిచారు, ఒకరు ఇంట్లో కూర్చొని చదివారు. చదివేవాడు అడగకపోతే నడిచినవాడు వ్రాసేవాడా? చదివినవాడు దాచకపోతే మనదాకా వచ్చేదా? ఇంట కూర్చొని పుస్తకాల్లో యాత్ర చేసేవాడిని సోమరిపోతు కింద జమకట్టడం పరిపాటి. తెలుగు యాత్రాసాహిత్య చరిత్ర మాత్రం వేరే మాట చెబుతున్నది. యాత్రలో సగం వెళ్లినవాడిది. మిగతా సగం ఇంట్లో ఎదురుచూసినవాడిది.

ఓడ ఎక్కిన ఇల్లాలు, మజిలీలు చెప్పిన సిద్ధుడు

వీరాస్వామయ్యగారి తరువాత నలభై ఏండ్లకు తెలుగువారి యాత్ర సముద్రం మీదికి మళ్లింది. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. ఆ తరువాత పోతం జానకమ్మ రాఘవయ్యగారు ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్లివచ్చారు. సముద్రం దాటితే వెలివేసే రోజుల్లో, అందులోనూ ఒక స్త్రీ! ఆమె యాత్రానుభవాలు "పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్" అనే పుస్తకంగా 1876లో మద్రాసులో అచ్చయినాయి. ఇంగ్లీషువారు మన దేశాన్ని చూసి పుస్తకాలు వ్రాయడం అప్పటికి మామూలు. మనవారిలో ఒక ఇల్లాలు వారి దేశాన్ని చూసి పుస్తకం వ్రాయడం విశేషం.

ఇల్లు కదలని పిల్లల కోసం మధిర సుబ్బన్నదీక్షితులుగారు "కాశీమజిలీ కథలు" పన్నెండు భాగాలుగా కూర్చారు. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ ఒక పశులకాపరి కుర్రవాణ్ణి తోడు తీసుకొంటాడు. కుర్రవాడి షరతు ఒక్కటే: దారిలో తనకు వింతగా తోచినదాని కథ మజిలీలో చెప్పాలి. అలా మజిలీకో కథ చొప్పున సాగుతుంది యాత్ర. తెలుగునాట ఎందరో పిల్లలు కాశీ చూడకుండానే ఆ మజిలీలన్నీ నడిచారు. 1947లో మొదలైన చందమామ మరో రెండు మూడు తరాలను అదే విధంగా దేశదేశాలు తిప్పింది. నిజానికి ఆ తరాల వారికి వేసవి విడిది అంటే అమ్మమ్మగారి ఊరే. మామిడితోట, చెరువుగట్టు, డాబా మీద పడక. అంతకుమించిన దేశాలన్నీ మధ్యాహ్నం వడగాడ్పుకు తలుపులు మూసిన చీకటి గదిలో పుస్తకంలోనే కనిపించేవి.

ఆ పుస్తకాలు ఊళ్లకు ఊరికే రాలేదు. 1911లో బెజవాడలో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘం ఏర్పడి, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారి కృషితో ఊరూరా పఠనమందిరాలు లేచాయి. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లా పెదవడ్లపూడి ప్రాంతంలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. రేవు రేవున ఆగి పుస్తకాలు ఇచ్చి, చదివినవి తిరిగి తీసుకొనే పడవ! పాఠకుడు ప్రయాణం చేయలేకపోతే పుస్తకమే ప్రయాణం చేసి అతని గట్టుకు చేరింది. ఇంతకన్న చక్కని యాత్ర ఏముంది?

రెండు నీలగిరులు

వేసవి విడుదుల మాట వచ్చింది కనుక నీలగిరుల సంగతి చెప్పక తప్పదు. 1820 ప్రాంతాల్లో కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ ఉదకమండలాన్ని విడిదిగా మార్చడం ఆరంభించాడు. ఆ తరువాత మద్రాసు ప్రభుత్వమే వేసవిలో కొండెక్కేది. పంతొమ్మిదో శతాబ్దపు మధ్యభాగంలోనే కోలా శేషాచలకవి "నీలగిరి యాత్ర" వ్రాసి, కొండ చూడనివారికి కొండ చూపించాడు. అప్పటినుంచి తెలుగువాడికి చల్లదనమంటే ఊటీయే. సినిమాల్లో పాటలకు ఊటీ, కొత్త దంపతుల ముచ్చటకు ఊటీ, డబ్బులేనివాడి పగటికలకూ ఊటీయే.

1843లో ఆ నీలగిరుల్లో ఆస్ట్రేలియా యూకలిప్టస్ మొక్కలు నాటారు. బ్లూ గమ్ అనే ఆ జాతి టాస్మానియా, విక్టోరియా ప్రాంతాలది. నాటిన చెట్టు కొండంతా అల్లుకుపోయింది. మనవారు దానికి నీలగిరి చెట్టు అని పేరు పెట్టుకొన్నారు. జలుబు చేస్తే వేడినీళ్లలో వేసి ఆవిరి పట్టే నీలగిరి తైలం ఆ చెట్టు ఆకుదే. అంటే ఆస్ట్రేలియా మన ఇళ్లకు మనకన్న ముందే వచ్చింది. మనమే దానిని మన కొండపేరుతో పిలిచి మనదనుకొన్నాము.

ఇక ఇక్కడి సంగతి. హారిస్ పార్క్ పక్కనే ఉన్న పర్రమట్టాలో రైలెక్కి పడమరగా వెళితే కటూంబా వస్తుంది. సిడ్నీకి సుమారు వంద కిలోమీటర్లు. ఆ కొండల పేరు బ్లూ మౌంటెన్స్. తెలుగు చేస్తే నీలగిరులే! నీలిరంగు పొగమంచులా కనిపించే ఆ తెరకు అక్కడి యూకలిప్టస్ ఆకుల తైలమే కారణమని చెబుతారు. ఊటీ కలలు కంటూ పెరిగిన తెలుగువాడు ఇక్కడికి వచ్చి, ఆ చెట్టు పుట్టిన దేశంలో, మరో నీలగిరి కింద కాపురం పెట్టాడు. అయినా అతని ఇంటి గోడ మీద క్యాలెండరులో కనబడే కొండ మాత్రం తిరుమల కొండే. మనసు తీరు అది.

పక్క వీధిలో మరో వీరాస్వామయ్య

హారిస్ పార్క్ నేల మొదట దారుగ్ జాతికి చెందిన బురమత్తగల్ ప్రజలది. తెల్లవారు వచ్చిన తరువాత 1792లో ఇక్కడ ముప్ఫై ఎకరాలు జేమ్స్ రూస్ అనే మాజీ ఖైదీకి సేద్యం కోసం పట్టా అయినాయి. మరుసటి ఏడు వైద్యుడు జాన్ హారిస్ దానిని కొన్నాడు. పేటకు ఆయన పేరే నిలిచింది. ఆ ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ కాటేజీ నేటికీ ఉంది. అక్కడికి నడకదూరంలో, రోజ్‌హిల్‌లో, ఎలిజబెత్ ఫామ్ అనే ఇల్లుంది. జాన్ మకార్థర్ 1793లో కట్టించి తన భార్య పేరు పెట్టాడు. 1984 నుంచి అది ప్రదర్శనశాల.

ఆ ఎలిజబెత్ మకార్థర్ ఇంగ్లండులో డెవన్ ప్రాంతపు పల్లెటూరి పిల్ల. 1790లో భర్తతో, పసిబిడ్డతో ఓడ దిగింది. ఇక్కడి చెట్టూ చేమా, ఆకాశంలోని చుక్కలూ, జనం నడవడీ అన్నీ ఆమెకు వింతే. తల్లికి, చిన్ననాటి స్నేహితురాలు బ్రిడ్జెట్ కింగ్డన్‌కు ఆమె ఉత్తరాలు వ్రాసింది. ఒక్కొక్క ఉత్తరం చేరడానికి నెలల తరబడి పట్టేది. భర్త ఏండ్లకు ఏండ్లు ఇంగ్లండులో చిక్కుకుపోతే గొర్రెల మందలనూ, పొలాన్నీ తానే చక్కబెట్టింది. 1850లో చనిపోయేదాకా మళ్లీ పుట్టిన ఊరు చూడలేదు. కాని ఆ పుట్టిన ఊరిలో కూర్చొన్న స్నేహితురాలు మాత్రం ఆమె కళ్లతో న్యూ సౌత్ వేల్స్ చూసింది. తొలినాటి సిడ్నీ, పర్రమట్టాల జీవితం గురించి వ్రాసే చరిత్రకారులకు నేడు ఆ ఉత్తరాలే ఆధారం.

మద్రాసులో శ్రీనివాసపిళ్లె, డెవన్‌లో బ్రిడ్జెట్. నలభై ఏండ్ల తేడాతో, ఒకరికొకరు తెలియని ఇద్దరు పాఠకులు చేసిన మేలు ఒక్కటే. మన వీధి పక్కనే ఉన్న ఈ ఇల్లు మనకు నేర్పే పాఠం చిన్నది కాదు.

పసరు కరిగిన రోజులు

ఇక పాదలేపనం దగ్గరకు వద్దాము. విమానమనే పసరు పూసుకొని మనమంతా ఒక్కరోజులో ఇక్కడ దిగాము. ఎప్పుడంటే అప్పుడు వెళ్లివస్తామన్న ధీమా ఉండేది. 2020 జనవరి 4న మన పడమటి సిడ్నీలోని పెన్రిత్‌లో 48.9 డిగ్రీల ఎండ కాసింది. నీలికొండల్లో కార్చిచ్చు రేగి పొగ ఇళ్లదాకా వచ్చింది. ఆ వేసవి గడిచిందనుకొనేసరికి మార్చి 20న కోవిడ్ కారణంగా దేశం సరిహద్దులు మూశారు. అయిదు రోజుల తరువాత ఇక్కడివారు బయటికి వెళ్లడానికీ అనుమతి కావలసివచ్చింది. 2021 మే 3 నుంచి 15 వరకు ఇండియాలో ఉండి వచ్చేవారు, సొంత పౌరులైనా సరే, ఈ గడ్డ మీద అడుగు పెడితే జరిమానా, జైలు అన్నారు. 2021 నవంబరు 1న బయటికి వెళ్లే నిషేధం తొలగింది. 2022 ఫిబ్రవరి 21న టీకా వేసుకొన్న వీసాదారులందరికీ తలుపులు తెరిచారు.

ఆ రెండేండ్లలో ఎందరి తల్లిదండ్రులు అక్కడ కన్నుమూశారో, ఎందరు కొడుకులు, కూతుళ్లు ఫోనులో చితి చూశారో మనలో చాలామందికి తెలుసు. హిమాలయం మీద ప్రవరుడు పడిన వేదన కావ్యంలోని కల్పన కాదని అప్పుడు అర్థమయింది. పిలవడానికి అగ్నిదేవుడూ దొరకలేదు. ఆ రోజుల్లో ఊరికి పోవడానికి మిగిలిన దారి పుస్తకమే. కొందరు నాయని కృష్ణకుమారిగారి "కాశ్మీర దీపకళిక" తీశారు, కొందరు కాళ్లనే వాహనంగా చేసికొని తిరిగిన ఆచార్య ఆదినారాయణగారి "భ్రమణకాంక్ష" చదివారు. కొందరు చిన్ననాటి కాశీమజిలీలే మళ్లీ మొదలుపెట్టారు. దూరం తగ్గలేదు, భారం తగ్గింది.

మన వంతు ఉత్తరం

ఇంతవరకు చెప్పినది ఇతరుల యాత్ర. మన యాత్ర మాటేమిటి? 2021 జనాభా లెక్కల్లో హారిస్ పార్క్‌లో అన్నిటికన్న పెద్ద వర్గం ఇండియాలో పుట్టినవారిదే. 2023 మే నెలలో ఇరుదేశాల ప్రధానమంత్రులు ఇక్కడి "లిటిల్ ఇండియా" ద్వారానికి శంకుస్థాపన ఫలకం ఆవిష్కరించారు. ద్వారం సరే, దానిగుండా ఎవరు వచ్చారు, ఎలా వచ్చారు అన్నది ఎవరు చెబుతారు? తొలి చలికాలం ఎలా గడిచింది, గోంగూర మొదట ఎక్కడ దొరికింది, అద్దె ఇంట్లో ఎందరు సర్దుకొన్నారు, మొదటి జీతంతో ఇంటికి ఎంత పంపారు, ఎండ మండే సంక్రాంతినాడు బొమ్మలకొలువు ఎలా పెట్టారు? ఇవి మనకు చిన్న విషయాలుగా తోస్తాయి. నీటి వసతి, అంగళ్ల వివరం కూడా వీరాస్వామయ్యగారి కాలంవారికి చిన్న విషయాలే. నేడు అవే చరిత్ర.

ఫోటోలు పంపుతున్నాము కదా, ఫోనులో రోజూ మాట్లాడుతున్నాము కదా అనవచ్చు. మాట గాలిలో కలిసిపోతుంది. ఫోటో ముఖం చూపుతుంది గాని మనసులో ఏమున్నదో చెప్పదు. మోకాళ్ల నొప్పులతో విమానం ఎక్కలేని తల్లి అనకాపల్లిలోనో కరీంనగర్‌లోనో కూర్చొని, "అక్కడ ఎట్లా ఉంటుందిరా నాయనా?" అని అడుగుతున్నదంటే ఆమె మన శ్రీనివాసపిళ్లె. ఇక్కడ పుట్టి, ఇంకా తెలుగక్షరాలు కూడబలుక్కుంటున్న మనవరాలు రేపు అడగబోయే పాఠకురాలు. ఇద్దరు పాఠకులు సిద్ధంగా ఉన్నారు. వ్రాసేవారే కావాలి.

అందుచేత సోదర సోదరీమణులకు నా విన్నపం ఒక్కటే. ఈ వేసవి సెలవుల్లో, యాత్రకు వెళ్లినా వెళ్లకపోయినా, ప్రతి కుటుంబం తమ రాక కథను నాలుగు పేజీలు తెలుగులో వ్రాసిపెట్టాలి. గ్రాంథికం అక్కరలేదు, నోటికి వచ్చిన తెలుగు చాలు. తేదీలు, ఊళ్ల పేర్లు, ధరలు మాత్రం మరవవద్దు. ఒక ప్రతి ఊరిలో ఉన్న పెద్దలకు పంపి, ఒక ప్రతి మన సంఘం దగ్గర భద్రపరచగలిగితే, పాతికేండ్ల తరువాత మన పిల్లలు ఇంట కూర్చొనే మన యాత్ర చేస్తారు.

కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమన్న సామెతను వీరాస్వామయ్యగారు రెండు విధాల అబద్ధం చేశారు. తిరిగివచ్చి ఒకసారి, వ్రాసిపెట్టి మరొకసారి. మొదటిది మన చేతిలో లేకపోవచ్చు. రెండోది మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉన్నది.